మూడు ఆలస్యాలు

పోయినేడు హ్యాకథాన్‌లో మా టీమ్‌కి వచ్చిన టాపిక్ గ్రామీణ ఆరోగ్యం. ఐదు నిమిషాల్లో జవాబు దొరికేసింది: యాప్ చేద్దాం, ఊళ్లోవాళ్లు డాక్టర్‌తో వీడియోలో మాట్లాడతారు. అప్పుడు నాకు మా నానమ్మ గుర్తొచ్చింది. ఆ రోజు ఆ యాప్ ఉండి ఉంటే ఆవిడ చెయ్యి దక్కేదా? దక్కేది కాదు. ఎందుకో చెప్తాను.

వెబ్‌సైట్ స్లోగా ఉంటే మనం ఏం చేస్తాం? ముందు ఎక్కడ లేటవుతోందో కొలుస్తాం, తర్వాతే కోడ్ మారుస్తాం. వైద్యం విషయంలో ఈ పని 1994లోనే థాడియస్, మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు చేశారు. కాన్పుల్లో తల్లులు ఎందుకు చనిపోతున్నారో చూసి, ఆలస్యాన్ని మూడు భాగాలు చేశారు. ఆ లెక్క వేరే జబ్బులకీ సరిపోతుంది.

మొదటిది, ఆసుపత్రికి వెళ్లాలని నిర్ణయించుకోవడంలో ఆలస్యం. నానమ్మకి పొద్దున్నే మూతి వంకర పోయింది, మాట తడబడింది. గాలి సోకింది, సాయంత్రానికి సర్దుకుంటుందని ఇంట్లో అందరూ అనుకున్నారు. రక్తం గడ్డకట్టి వచ్చిన పక్షవాతానికి గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలని మాకెవరికీ తెలీదు. ఈ ఆలస్యాన్ని తగ్గించగలిగేది ఆశా కార్యకర్త. సుమారు వెయ్యి మందికి ఒకరు, అదే ఊరి మనిషి. ఆమె చెప్తే వింటారు.

రెండోది, దారిలో ఆలస్యం. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలయ్యాక చాలా ఊళ్లకి ఇది తగ్గింది. కానీ అంబులెన్స్‌కి రోడ్డు కావాలి కదా. మన్యంలో కొన్ని గూడేల నుంచి గర్భిణిని ఇప్పటికీ డోలీ కట్టి మోసుకొస్తారు. సాలూరులో దీనికి ఒక మంచి ఉపాయం చేశారు. కొండ మీది గర్భిణులు కాన్పు రోజులు దగ్గరపడకముందే కిందికి వచ్చి ఉండేలా వసతి గృహం పెట్టారు. మన భాషలో చెప్పాలంటే ప్రీఫెచింగ్! రోడ్డు వచ్చేదాకా ఆగకుండా, ప్రయాణాన్నే ముందుకు జరిపారు.

మూడోది, ఆసుపత్రికి చేరాక ఆలస్యం. మేం వెళ్లిన మొదటి ఆసుపత్రిలో సీటీ స్కాన్ లేదు. మెదడులో ఉన్నది గడ్డా, రక్తస్రావమా అని స్కాన్‌లో చూడకుండా ఆ ఇంజెక్షన్ ఇవ్వకూడదు, రక్తస్రావమైతే ప్రాణానికే ప్రమాదం. మళ్లీ సిటీకి బయల్దేరాం. చేరేసరికి టైమ్ దాటిపోయింది. మైదాన ప్రాంతంలో 30 వేల మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 20 వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలని నిబంధన. కానీ దగ్గర్లో ఆసుపత్రి ఉండటం వేరు, మనకి కావల్సింది అందులో ఉండటం వేరు.

మరి వీడియో వైద్యం దండగా? కాదు. 2019లో మొదలైన ఈ-సంజీవనిలో ఊరి ఆరోగ్య కేంద్రం సిబ్బందే రోగిని పక్కన కూర్చోబెట్టుకుని దూరంగా ఉన్న డాక్టర్‌తో మాట్లాడిస్తారు. బీపీ, షుగర్ లాంటి వాటికి ఇది బాగా పనికొస్తుంది. నానమ్మ బీపీ మాత్రలు అయిపోయినప్పుడల్లా మానేసేది. పక్షవాతానికి పెద్ద కారణం బీపీనే. అంటే యాప్ కావాల్సింది ఆ రోజు కాదు, అంతకు చాలా ఏళ్ల ముందు.

అందుకే మా ప్రాజెక్ట్ మార్చేశాం. ఎవరికి ఎప్పుడు బీపీ మాత్రలు అయిపోతాయో ఆశా కార్యకర్తకి గుర్తుచేసే చిన్న లిస్ట్, అంతే. ప్రైజ్ రాలేదు. మా సీనియర్ ఒకాయన, ఇందులో టెక్నాలజీ ఏముందిరా అన్నాడు. నిజమే, పెద్దగా ఏం లేదు.

ఈసారి ఊరెళ్లినప్పుడు మీ ఇంట్లో ఈ ఒక్కటీ చెప్పండి: మూతి వంకర పోయినా, ఒక చెయ్యి పట్టు తప్పినా, మాట తడబడినా వెంటనే గడియారం చూసి 108కి ఫోన్ చేయాలి. నానమ్మ ఇప్పుడు ఎడమ చేత్తో తింటోంది.