పీహెచ్‌డీ విద్యార్థికి సాయం ఎప్పుడు అందాలి?
(అనంతపురం పరిశోధక విద్యార్థుల స్థితిగతులపై ఒక పరిశీలన)

కొడుకు ఇంటర్‌లోనో ఇంజనీరింగ్‌లోనో ఉంటే ఫీజుకు సాయం అడగడానికి ఏ తండ్రీ అంతగా సంకోచించడు. అదే కొడుక్కి ముప్పై ఏళ్లు దగ్గరపడి, పీహెచ్‌డీ నాలుగో ఏట ఉంటే ఆ తండ్రికి నోరు పెగలదు. "ఇంకా చదువేనా? సంపాదన ఎప్పుడు?" అన్న ప్రశ్న ముందే ఎదురవుతుంది. అందుకే పరిశోధక విద్యార్థుల అవసరాలు దాతల దృష్టికి రావడం తక్కువ. వారి చదువు ఎలా నడుస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది, మన చేయూత ఎక్కడ పనికివస్తుంది అన్న మూడు విషయాలను దాతల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన గడ్డ మీది చదువు

కరువు సీమ అని పేరుపడిన అనంతపురానికి చదువుల చరిత్ర తక్కువేమీ కాదు. 1916లో ఇక్కడ దత్తమండలాల కళాశాల వెలిసింది. అదే నేటి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల. 1946లో ఏర్పడిన ఇంజనీరింగ్ కళాశాల కూడా ఉంది. 2008లో అది జేఎన్‌టీయూ అనంతపురం విశ్వవిద్యాలయానికి కేంద్రమైంది. 1968లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు పీజీ కేంద్రంగా మొదలైన సంస్థ 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంగా ఎదిగింది. 2018లో కేంద్రీయ విశ్వవిద్యాలయం కూడా వచ్చింది. అంటే మన పిల్లలు హైదరాబాద్ వెళ్లకుండానే డాక్టరేట్ చేయగల అవకాశం గుమ్మం ముందే ఉంది.

ఈ పరిశోధనల ఫలితం మన పొలాల్లో కనిపిస్తుంది. కదిరి వ్యవసాయ పరిశోధనా స్థానం నుంచి వచ్చిన కదిరి-6, కదిరి లేపాక్షి వంటి వేరుశనగ రకాలు తెలియని రైతు ఈ సీమలో ఉండడు. ఒక విత్తనం రైతు చేతికి రావడానికి వెనుక ఏళ్ల తరబడి ఎవరో మొక్కలు లెక్కపెట్టి, కాయలు తూచి, పుస్తకంలో రాసుకున్న శ్రమ ఉంటుంది.

ఒకే పని, మూడు రకాల జీతం

నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ సాధించిన విద్యార్థికి 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు రూ. 37,000, తరువాత మూడేళ్లు నెలకు రూ. 42,000 చొప్పున ఫెలోషిప్ ఉంది. అయిదేళ్లకు కలిపితే రూ. 24 లక్షలు. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో నెట్ ఫెలోషిప్ లేకుండా చేరినవారికి నెలకు రూ. 8,000 వస్తుంది. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఏ ఫెలోషిప్ లేకుండా చేరినవారికి ఆ 8,000 కూడా లేదు. ముగ్గురూ చేసే పని ఒకటే. అదే గ్రంథాలయం, అదే ప్రయోగశాల, అదే సిద్ధాంత గ్రంథం.

మైనారిటీ విద్యార్థులకు 2009లో మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్ మొదలైంది. ఇతర పథకాలతో కలగలిసిపోతోందన్న కారణం చూపి, 2022-23 నుంచి దాన్ని నిలిపివేస్తున్నట్టు కేంద్రం 2022 డిసెంబరులో లోక్‌సభలో తెలిపింది. ఓబీసీలకు వేరే జాతీయ ఫెలోషిప్ ఉంది. అయితే దానికి కేంద్ర ఓబీసీ జాబితాలో పేరుండాలి. రాష్ట్రంలో బీసీ-ఇ ధ్రువపత్రం ఉన్నంత మాత్రాన కేంద్రంలో ఓబీసీ అయిపోరు. రెండు జాబితాలు వేరు. ఈ తేడా చివరి తేదీ నాడు తెలిసి లాభం లేదు. డిగ్రీలో ఉండగానే పిల్లలకు చెప్పాలి.

వాన తప్పితే ఏడాది పోతుంది

2022 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. పునర్నమోదుతో మరో రెండేళ్లు పొడిగించవచ్చు. మహిళలకు అదనంగా రెండేళ్ల సడలింపు, 240 రోజుల వరకు ప్రసూతి సెలవు ఉన్నాయి.

ఒక కల్పిత ఉదాహరణ తీసుకుందాం. దర్జీ కూతురు ఒకమ్మాయి వేరుశనగ బెట్టను ఎలా తట్టుకుంటుందో పరిశోధిస్తోంది. మొదటి ఏడు కోర్సువర్కుతో గడిచింది. రెండో ఏడు ఖరీఫ్‌లో విత్తింది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురిసే సీమ ఇది. అది కూడా ఏ నెలలో కురుస్తుందో చెప్పలేం. ఆ ఏడు విత్తనమే సరిగా మొలవలేదు. బెట్టను తట్టుకునే మొక్కను పరీక్షించాలన్నా ముందు మొక్క మొలవాలి కదా! మళ్లీ జూన్ దాకా ఆగింది. ఒక్క సీజన్ ఫలితాన్ని ఎవరూ ఒప్పుకోరు గనుక మరో ఏడు విత్తింది. అలా నాలుగేళ్లు గడిచాయి. చేతిలో మంచి ఫలితాలున్నాయి. రాయడానికి ఆరు నెలలు కావాలి. సరిగ్గా అప్పుడే తండ్రి కళ్లు మందగించాయి. ఇల్లు గడవడానికి ఆమె ప్రైవేటు స్కూల్లో చేరింది. సాయంత్రానికి అలసిపోయి వచ్చిన మనిషి సిద్ధాంత గ్రంథం ఏం రాస్తుంది?

తెలివి తక్కువై కాదు, పని కాక కాదు. ఆరు నెలల ఇంటి ఖర్చు లేక నాలుగేళ్ల శ్రమ అటకెక్కుతుంది. దాతలు గమనించవలసిన చోటు ఇదే.

మూడు భాషల బరువు

మన ఇళ్లలో చాలామంది పిల్లలకు ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, సిద్ధాంత గ్రంథానికి ఇంగ్లీషు. విషయం తెలిసినా వాక్యం కుదరక ఒక అధ్యాయం నెలల తరబడి నలుగుతుంది. దీనికి తోడు ఒంటరితనం. డిగ్రీలో తరగతి నిండా స్నేహితులుంటారు. పీహెచ్‌డీలో ఒక్కొక్కరిది ఒక్కో అంశం. నిబంధనల ప్రకారం ప్రొఫెసరు ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసరు ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసరు నలుగురికి మించి మార్గదర్శకత్వం వహించరాదు. పెళ్లిళ్లకు వెళితే "ఉద్యోగం వచ్చిందా?" అనే పలకరింపు. క్రమంగా పెళ్లిళ్లకు వెళ్లడం మానేస్తారు. ఈ బరువును దించేది సాటి పరిశోధకులే. సీనియర్ ఒకరు కూర్చుని అధ్యాయం చదివి తప్పులు దిద్దితే కలిగే ధైర్యం వేరు.

పట్టా వచ్చాక

డాక్టరేట్ రాగానే కష్టాలు తీరవు. 2023 జూలై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్ నియామకాలకు నెట్ లేదా సెట్ కనీస అర్హత అయింది. ఈలోగా గెస్టు లెక్చరర్‌గా పీరియడ్ లెక్కన పని చేసేవారికి వేసవిలో పాఠాలూ లేవు, డబ్బూ లేదు. ఉద్యోగ ప్రకటన కోసం ఎదురుచూసే ఈ రెండు మూడేళ్లలోనే చాలామంది పరిశోధనకు దూరమవుతారు.

మనం చేయగలిగినవి

మొదటిది, చివరి ఆరు నెలల సాయం. కొత్తగా పదిమందిని చేర్చడం కన్నా, గట్టు దగ్గరికి వచ్చిన ఇద్దరిని ఒడ్డెక్కించడం మేలు. ఉద్యోగం వచ్చాక తిరిగి ఇచ్చే కర్జె హసనాగానైనా ఇవ్వవచ్చు. జకాత్ నిధి వర్తిస్తుందా లేదా అన్నది ఒక్కొక్కరి స్థితిని బట్టి ఉలమాలను అడిగి తేల్చుకోవాలి.

రెండవది, చిన్న ఖర్చులు. క్షేత్ర పర్యటనల బస్సు చార్జీలు, పరీక్ష ఫీజులు, టైపింగు, బైండింగు వంటివి. మొత్తం చిన్నదే. సమయానికి లేకపోతే ఆగేది మాత్రం పెద్ద పని.

మూడవది, ఒక గది. నెలకు ఒక ఆదివారం ఏదైనా హాలు తెరిచి, ఇంటర్నెట్ పెట్టించి, టీ ఏర్పాటు చేస్తే చాలు. పిల్లలే ఒకరి రాతలు ఒకరు చదువుకుంటారు, వైవాకు అభ్యాసం చేసుకుంటారు, నెట్‌కు కలిసి చదువుతారు. అమ్మాయిలు ఇబ్బంది లేకుండా వచ్చి వెళ్లే వేళ పెట్టాలి.

"మా డబ్బు వృథా కాదని నమ్మకమేమిటి?" అని దాతలు అడగడం న్యాయమే. ఈ సీమలో బోరు వేయించినవారికి ఆ భయం బాగా తెలుసు. ఎన్ని అడుగులు దిగినా నీరు పడుతుందో లేదో చెప్పలేం. పరిశోధన అలా కాదు. ప్రతి విద్యార్థి ఆరు నెలలకోసారి పరిశోధక సలహా సంఘం ముందు తన ప్రగతిని వివరించాలి. ఆ నివేదిక అడిగి చూడండి. పని ఎంతవరకు వచ్చిందో, ఇంకెంత మిగిలిందో అందులోనే ఉంటుంది.

మీ వీధిలో, మీ బంధువుల్లో పీహెచ్‌డీ మధ్యలో ఆపేసినవారు ఒక్కరైనా ఉంటారు. ఈసారి కలిసినప్పుడు ఉద్యోగం గురించి కాకుండా, "ఎక్కడ ఆగింది?" అని అడగండి. జవాబు చాలాసార్లు మనం తీర్చగలిగినంత చిన్నదిగానే ఉంటుంది.