ప్రోస్టేటు కాన్సరు శస్త్రచికిత్స పిమ్మట దేహము, మనస్సు

ప్రోస్టేటు గ్రంథి పురుషులకు మాత్రమే కలదు. అది మూత్రాశయమునకు దిగువ, మూత్రనాళమును చుట్టుకొని యుండును. కాన్సరు ఆ గ్రంథిని దాటి వ్యాపింపనప్పుడు గ్రంథిని సమూలముగా తీసివేయుట ఒక ముఖ్యమైన చికిత్స. 1904లో అమెరికాలో హ్యూ హాంప్టన్ యంగ్ అను వైద్యుడు ఈ శస్త్రచికిత్సకు దారి చూపెను. చాలకాలము వరకు ఇది రోగి ప్రాణము నిలిపినను, దాంపత్యశక్తిని దాదాపు అందరికిని పోగొట్టుచుండెడిది. 1982లో పాట్రిక్ వాల్ష్ అను శస్త్రవైద్యుడు గ్రంథికి ఇరుప్రక్కల నుండు సన్నని నరములను కాపాడుచు దానిని తీయు పద్ధతిని ఆచరణలోనికి తెచ్చెను. అయినను కోత మానినంత మాత్రమున రోగి కోలుకొనినట్లు కాదు.

కాళ్లలో రక్తము గడ్డకట్టకుండుటకై రోగిని సాధ్యమైనంత త్వరలో లేపి నడిపింతురు. మూత్రపు గొట్టము సాధారణముగా ఒకటి రెండు వారములుండును. దాని సంచి ఎల్లప్పుడును నడుమునకు దిగువనే యుండవలెను. ఇంట వదులు లుంగీ కట్టుకొనుట సుఖము. సుమారు ఆరు వారముల వరకు బరువులెత్తరాదు. నీళ్ల బిందె, బియ్యపు మూట, ముద్దుచేయు మనుమడు, ఈ మూడును బరువులే. జ్వరము వచ్చినను, గొట్టములో మూత్రము నిలిచిపోయినను, పిక్క వాచినను, ఆయాసము కలిగినను ఆలస్యము చేయక ఆస్పత్రికి పోవలెను.

గొట్టము తీసిన నాటినుండి అసలు పరీక్ష మొదలగును. దగ్గినను, తుమ్మినను, కూర్చున్నచోటి నుండి లేచినను మూత్రము జారును. ఇది చాలమందికి కలుగును. నెలలు గడచిన కొలది తగ్గును. పెక్కుమందికి సంవత్సరము లోపల మంచి అదుపు వచ్చును. కాని ఈ సంగతి ముందుగా తెలియని వాడు తన దేహమే తనకు ద్రోహము చేసినదని కుమిలిపోవును. పెండ్లిపిలుపు వచ్చిన ఏదో నెపము చెప్పును. బస్సు ప్రయాణము మానుకొనును. నీరు త్రాగుట తగ్గించును. నీరు తగ్గించుట కేవలము పొరపాటు. చిక్కబడిన మూత్రము మూత్రాశయమును మరింత రేపును, మలబద్ధమును పెంచును. తగ్గింపదగినవి కాఫీ, టీలు. మూత్రమును పీల్చుకొను మెత్తలు మందుల దుకాణములలో దొరకును. వానిని అడుగుటకు సిగ్గుపడ నవసరము లేదు.

కటితల కండరముల వ్యాయామము ఇందుకు మంచి సాధనము. అపానవాయువును బిగబట్టునప్పుడు ఏ కండరము ముడుచుకొనునో అదియే ఆ కండరము. దానిని ఐదు సెకండ్లు బిగించి, ఐదు సెకండ్లు వదలవలెను. ఇట్లు పదిసార్లు, దినమునకు మూడు పర్యాయములు. ఊపిరి బిగబట్టరాదు; పొట్టను, పిరుదులను బిగింపరాదు. గొట్టముండగా ఈ వ్యాయామము కూడదు. దగ్గుటకు ముందు ఆ కండరమును బిగించు అలవాటు పడినచో జారుట తగ్గును.

మనస్సు విషయము వేరు. “గడ్డ తీసివేసినారు గదా, ఇంక విచారమెందుకు?” అని బంధువులు ప్రేమతోనే అందురు. ఆ మాటతో రోగి నోరు మూతపడును. మగవాడు కంట నీరు పెట్టరాదను మన ఇండ్లలోని కట్టుబాటు అతని బాధను ఇబ్బడిగా చేయును. మగతనమే పోయినదని తలచువారు కలరు. ఇది నిజము కాదు. పురుష హార్మోను ముఖ్యముగా వృషణములలో పుట్టును. వృషణములను ఈ శస్త్రచికిత్సలో తాకరు. తరువాత హార్మోను నణచు మందు లిచ్చినచో ఒడలు వేడెక్కుట, నిస్సత్తువ, దిగులు కలుగవచ్చును. అవి మందు ఫలితములే గాని మనోదౌర్బల్యము కాదు.

లింగము గట్టిపడు శక్తి తిరిగి వచ్చుటకు ఒక్కొక్కప్పుడు రెండు సంవత్సరములు పట్టును. కొందరికి పూర్తిగా రాదు. వీర్యము వెలువడదు, సుఖానుభూతి మాత్రము కలుగవచ్చును. ఇందుకు మాత్రలును, ఇతర సాధనములును కలవు. కాని గుండెనొప్పికి నైట్రేటు మందులు వాడువారికి ఆ మాత్రలు ప్రాణాపాయకరములు, వైద్యునడుగక వాడరాదు. వైద్యుడు ఈ విషయములు చెప్పునప్పుడు భార్యయు ప్రక్కన నుండుట మేలు. లేనియెడల భర్త దూరముగా నుండుటను ఆమె అనాదరమని భ్రమించును. ఆమె మౌనమును అతడు ఏవగింపని తలచును.

పి.యస్.ఎ. రక్తపరీక్షకు ముందు దినములలో నిద్ర పట్టకపోవుట సహజము. గ్రంథి తీసిన పిమ్మట ఆ సంఖ్య దాదాపు సున్నకు దిగవలెను గనుక, ప్రతి పరీక్షయు ఒక తీర్పువలె తోచును. రెండు వారములకు మించి దిగులు వీడకున్నను, ఆకలి నిద్రలు చెడినను, బ్రతుకుపై విరక్తి కలిగినను వైద్యునికి చెప్పవలెను. చావు తలపులు వచ్చినచో రోగిని ఒంటరిగా విడువరాదు. భారత ప్రభుత్వము 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 సంఖ్యపై ఉచితముగా ఫోను చేయవచ్చును. అచ్చట తెలుగులోను మాటాడుదురు.