మా పాఠశాల తోటలో తంగేడు

తొమ్మిదవ తరగతివారికి మంచుకొండలమీఁది మొక్కలను గూర్చి పాఠము చెప్పుచుండగా ఒక బాలుఁడు లేచి, పుస్తకములోని పటమును చూపి, "సార్, దీనిని మన బడిలో పెంచరాదా?" యని యడిగెను. అది డ్రయాస్ అను పొద పటము. ఈ పొద గులాబి కుటుంబములోనిది. ఆల్ప్స్ పర్వతములమీఁదను, ఉత్తర ధ్రువప్రాంతములందును రాళ్లనడుమ నేలనంటి పాకును. ఎత్తు జానెఁడు మించదు. ఏఁడాది పొడుగున పచ్చగనే యుండును. ఆకు దళసరిది, అడుగుభాగమున తెల్లని నూఁగు గలది. దాని తెల్లని పూవు సూర్యునివెంట తిరుగుచు వేఁడిమిని పోగుచేసికొనఁగా, చలికి బెదరిన కీటకములు అందు వచ్చి వ్రాలును. స్కాండినేవియా దేశముల బంకమట్టిలో దీని యాకులు విస్తారముగా దొరకుటచేతనే, సుమారు 12,900 మొదలు 11,700 సంవత్సరముల క్రిందటి చలికాలమునకు శాస్త్రజ్ఞులు దీని పేరే పెట్టిరి.

రామగుండములో వేసవియందు ఎండ 45 డిగ్రీలు దాటుట అరుదు గాదు. అట్టి నేలలో డ్రయాస్ ఒక్క వైశాఖమునకైనను నిలువదు. ఈ మాట చెప్పి మేము ఆ బాలుని కూర్చుండఁబెట్టితిమి గాని, ప్రశ్న మమ్ము విడువలేదు. చలికిని గాలికిని ఆ పొద చేయు ఉపాయమును మన యెండకును రాతినేలకును చేయు మొక్క యేది? సమాధానము వెదకుటకు దూరము పోనక్కరలేదు, అది తంగేడు.

తంగేడు నిత్యము పచ్చగనుండు పొద. మామూలుగా మూఁడు నాలుగడుగు లెదుగును. ఈనెకు రెండువైపుల 8 మొదలు 12 జతల చిన్నయాకు లుండును. ఆకుతొడిమ మొదట చెవి యాకారము గల రెక్క యొకటి కానవచ్చును. శాస్త్రనామములోని "ఆరిక్యులేటా" యనుమాట కర్థమిదియే. 2014లో తెలంగాణ ప్రభుత్వము దీనినే రాష్ట్రపుష్పముగా నిర్ణయించినది. దీని బెరడు తోళ్లు పదను చేయుటకు మిక్కిలి శ్రేష్ఠము. దక్షిణదేశపు తోళ్ల పరిశ్రమకు చిరకాలము ఇదియే యాధారము. పువ్వుల కషాయము చక్కెరవ్యాధికి మంచిదని త్రాగువారు మన కాలనీలలో పెక్కుమంది కలరు. త్రాగినను త్రాగకున్నను, వైద్యుఁడిచ్చిన మందు మాత్రము మానరాదు.

మా పాఠశాల యావరణము మంచి నేల గాదు. ఉపరితల గనులలో బొగ్గుకొఱకు పైపొరలను తొలగించి పోసిన యిసుకరాయి, రాతిముక్కలవంటిదే ఇక్కడి మట్టియు. సారము తక్కువ, వాన పడినంతనే నీరు జారిపోవును. ఆకులమీఁద బొగ్గుధూళి సరేసరి. గనులు విస్తరించినకొలఁది చుట్టుపట్ల తంగేటిపొదలు కనుమరుగగుచున్నవి. బతుకమ్మ దినములలో మా బాలికలు పువ్వులకొఱకు చాలదూరము నడచి, తుదకు అంగడిలో కొని తెచ్చుకొనుట మేమెఱుఁగుదుము. కావున తోటపనికి తంగేటినే యెన్నుకొంటిమి.

మొదటి యత్నము చెడినది, తప్పు మాదే. ఆషాఢమాసమున రోడ్డుప్రక్కనుండి మోకాలెత్తు మొక్కలు 20 పెకలించి తెచ్చి, ఎరువువేసి, ప్రతిదినము నీరుపోసి నాటించితిమి. పదునైదు దినములలో ఒక్కటి మిగులక వాడిపోయినవి. పిల్లల మొగములు చూడలేకపోతిమి. శిక్షణకళాశాలలో మేము నేర్చిన వ్యవసాయపాఠము ఇచ్చట అక్కఱకు రాలేదు. గనికార్మికుని కుమార్తెయగు మా విద్యార్థిని యొకతె నాయనమ్మ ఆ యెండుకట్టెలను చూచి, "సారూ, తంగేడు పీకి నాటితె బతుకుతదా? ఇత్తు ఏడ పడితె ఆడ్నే లేస్తది," అనినది.

ఆమె మాటలోనే శాస్త్రమంతయు నున్నది. తంగేడు పైకి పెరుగుటకు ముందుగా తల్లివేరును తిన్నగా లోతునకు దింపును. అడుగెత్తు మొక్కకు అంతకంటె మిక్కిలి పొడవైన వేరుండును. మేము పెకలించినప్పుడు ఆ వేరు తెగినది; పైన ఆకులుండినను, క్రింద నీరు త్రాగు నోరు లేకపోయినది. దినదినము పోసిన నీరు మేలునకు మాఱు వేళ్లను కుళ్లఁజేసినది.

మఱుసటియేఁడు విత్తనమునే నమ్ముకొంటిమి. చలికాలమున ఎండిన చదునైన కాయలు కోసి, గింజలు తీసి దాఁచితిమి. గింజ పెంకు మిక్కిలి గట్టిది, నీటిని లోపలికి రానీయదు. పిల్లలు గింజలను గరుకుఱాతిమీఁద మెల్లగా రుద్ది, రాత్రియంతయు నీట నానవేసిరి. ఉబ్బినవి విత్తుటకు సిద్ధము. ఉబ్బనివానిని మఱల రుద్దవలెను. కాఁగిన నీటిని పొయ్యిమీఁదనుండి దించి, కొంత చల్లారినపిదప అందు నానవేయుట మఱియొక పద్ధతి. మృగశిర కార్తెలో తొలివాన పడఁగనే, మూఁడేసి అడుగుల యెడముతో, గుంటకు రెండేసి గింజలు వ్రేలిగోరంత లోతున నాటించితిమి. నీరు నిలుచు చోట మట్టిని దిబ్బగా నెత్తవలెను. సంచులలో మొలకెత్తింపఁ దలఁచినవారు పొడుగైన సంచులు తీసికొని, వేరు చుట్టుకొనకమునుపే, రెండు మాసములలో నేలలో నాటుట మంచిది.

మొలచినవెనుక చేయవలసిన పని స్వల్పము. మొదటి వేసవిలో వారమున కొకమారు నీరు; పిదప అదియు అక్కఱలేదు. పశువులు సామాన్యముగా దీనిని ముట్టవు. పూఁతలు ముగిసినపిమ్మట అడుగెత్తున కొమ్మలు కత్తిరించినచో, మొదటినుండి క్రొత్తచిగుళ్లు పుట్టి పొద పొట్టిగా, వెడల్పుగా విస్తరించును. పప్పుజాతిది గదా, వేళ్లలో బుడిపెలుండి నేలకు నత్రజని నిచ్చునని పలువురు తలంతురు. తంగేటికి అట్టి బుడిపెలు లేవు. రాలిన యాకే యెరువు.

వానకాలమున ఆకుపచ్చని గొంగళిపురుగులు కనఁబడఁగా పిల్లలు మందు చల్లుదమనిరి. మేము వలదంటిమి. అవి లేఁబసుపు తెల్లరెక్కల సీతాకోకచిలుకల పిల్లలు. ఆకులు తిన్నను పొద చావదు. పువ్వులు పూచినపుడు గండుతుమ్మెదలు వచ్చును. ఈ పూవులో తేనె లేదు. పుప్పొడి కేసరముల కొనలందలి చిన్నరంధ్రములలో దాఁగియుండును. తుమ్మెద పూవును కఱచిపట్టుకొని రొద చేయుచు వణికింపఁగా పుప్పొడి రాలును. ఆ రొదను దగ్గఱనుండి వినవలసినదే!

రెండవ శరదృతువున మా కంచెవెంబడి పసుపుపచ్చని పువ్వులు పూచినవి. బతుకమ్మకు ఆ నాయనమ్మ మనుమరాలితో గంప తీసికొని వచ్చినది. ప్రతి పొదకును నాలుగు గుత్తులు కాయలకై విడువవలెనని మేము చెప్పఁగా, ఆమె నవ్వి, ఆరు విడిచి వెళ్లినది.