పాఠం 4: అడవి పందులు చేను పాడు చేస్తే – అనుమతి, తూటా, గురి, పరిహారం

(రైతు భరోసా, రైతు బీమా లబ్ధిదారుల కోసం. పాతబస్తీలో ఉంటూ ఊళ్లో పట్టా భూమి ఉన్నవాళ్లు తప్పక చదవండి.)

మీరు ఉప్పుగూడలోనో, లాల్ దర్వాజాలోనో ఉంటున్నారు. వికారాబాద్ వైపు రెండెకరాల మక్క ఉంది, తమ్ముడు చూసుకుంటున్నాడు. పొద్దున్నే ఫోన్ వస్తుంది: "అన్నా, రాత్రి పందుల గుంపు పడ్డది, సగం చేను పోయింది. ఈ రాత్రికి కరెంటు తీగ పెడతా." అప్పుడు మీరు ఏం చెప్పాలి? ఈ పాఠం దాని గురించే.

ముందు చెప్పాల్సిన మాట: తీగ వద్దు

కరెంటు తీగకు పంది ఎవరో, మనిషి ఎవరో తెలియదు. తెల్లారి నీళ్లు పెట్టడానికి వచ్చే పక్క రైతు, మేకల వెంట వచ్చే పిల్లాడు, చివరికి తీగ పెట్టినవాళ్లే చనిపోతున్నారు. మనిషి చనిపోతే తీగ పెట్టినవాళ్ల మీద కేసు అవుతుంది. నాటు బాంబు, ఉచ్చు కూడా నేరమే. ఎక్కడైనా తీగ కనబడితే దగ్గరికి పోవద్దు, 1912 కి ఫోన్ చెయ్యండి.

నా చేనులో పందిని నేను కాల్చొచ్చా?

అనుమతి లేకుండా కాల్చకూడదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం పట్టా భూమిలోనైనా వేట నిషేధం. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడు అడవి పంది రెండో షెడ్యూల్‌లో ఉంది. తప్పు చేస్తే మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

అయితే అదే చట్టంలో సెక్షన్ 11 ఉంది. పంది వల్ల మనుషులకు గాని, నిలబడి ఉన్న పంటకు గాని ప్రమాదం ఉందని తేలితే చీఫ్ వైల్డ్ లైఫ్ వార్డెన్, లేదా ఆయన అధికారం ఇచ్చిన అధికారి, కారణం రాసి లిఖితపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. నోటి మాట చెల్లదు, కాగితం చేతిలో ఉండాలి. పంది మీద పడితే ప్రాణం కాపాడుకోవడానికి చంపడం మాత్రం నేరం కాదు.

తుపాకి లైసెన్స్ వేరు, వేట అనుమతి వేరు. హైదరాబాద్ కమిషనరేట్ పరిధిలో లైసెన్స్ ఇచ్చేది పోలీస్ కమిషనర్. ఇంట్లో తాతగారి పన్నెండు బోర్ తుపాకి ఉంది కదా అని ఊరికి పట్టుకుపోవద్దు. అనుమతిలో ఎవరి పేరు ఉంటే వాళ్లే కాల్చాలి.

షూటర్ వచ్చినప్పుడు మీరు చూసుకోవాల్సినవి

ఈ పనికి అనుభవం కావాలి. 2016 లో బీహార్‌లోని మోకామాలో నీలగాయిలను కాల్చడానికి హైదరాబాద్ నుంచే షూటర్లు వెళ్లారు. మీ చేనుకు వచ్చినాయన ఏ తూటా తెచ్చాడో అడగండి. అడగడం మీ హక్కు, ఎందుకంటే చుట్టూ ఉండేది మీ వాళ్లే.

1. పాయింట్ 22 రైఫిల్: పందికి చాలదు. గాయపడి పారిపోతుంది, మరునాడు ఎవరి మీదనో పడుతుంది.
2. పన్నెండు బోర్, చిన్న గుళ్లు: పిట్టల కోసం చేసినవి. తోలు దాటి లోపలికి పోవు.
3. పన్నెండు బోర్, ఎల్‌జీ పెద్ద గుళ్లు: దగ్గర్లో, అంటే 25–30 మీటర్ల లోపే పనిచేస్తాయి. దూరం పెరిగితే గుళ్లు చెదిరిపోతాయి.
4. పాయింట్ 315, పాయింట్ 30-06 రైఫిళ్లు: పందికి సరిపోతాయి. తూటా మొన మెత్తగా ఉండాలి, దాన్ని సాఫ్ట్ నోస్ అంటారు. అది లోపల విచ్చుకుని అక్కడే బలం వదులుతుంది. గట్టి మొన తూటా పందిలోంచి దూసుకుపోయి వెనకున్నవాళ్లకు తగలొచ్చు.

రైఫిల్ తూటా గురి తప్పితే కిలోమీటర్ల దూరం పోతుంది. అందుకే మంచె మీద నుంచి కిందికి కాల్చాలి. పంది వెనక మట్టి గట్టు ఉండాలి. వెనక ఇల్లు, రోడ్డు, చీకటి ఉంటే ఆ రాత్రి కాల్చొద్దు.

గురి ఎక్కడ?

పంది పక్కకు తిరిగి, కదలకుండా నిలబడాలి. ముందు కాలు వెనకాల, కింది నుంచి మూడో వంతు ఎత్తులో గుండె, ఊపిరితిత్తులు ఉంటాయి. తగలాల్సింది అక్కడే. వీపు మీది వెంట్రుకల వల్ల ఒళ్లు ఎత్తుగా కనబడుతుంది. అది చూసి పైకి కాలిస్తే వట్టి గాయమే. పెద్ద మగ పందికి భుజం మీద డొప్పలాంటి మందపాటి తోలు ఉంటుంది, చిన్న గుళ్లు అక్కడే ఆగిపోతాయి. పరుగెత్తే పందిని, గుంపు మధ్యలో ఉన్నదాన్ని, ఎదురుగా వచ్చేదాన్ని కాల్చొద్దు.

గాయపడి పొదలోకి పోతే వెంటనే వెంట పడొద్దు. కనీసం అరగంట ఆగి, వెలుతురులో, షూటర్ ముందుండి వెతకాలి. కోర తొడకు తగిలితే రక్తం ఆగదు. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టి 108 కి ఫోన్ చెయ్యండి.

మాంసం సంగతి

సెక్షన్ 39 ప్రకారం చనిపోయిన పంది ప్రభుత్వ ఆస్తి. ఇంటికి తేకూడదు, పంచకూడదు, అమ్మకూడదు, కొనకూడదు. అటవీ సిబ్బంది పంచనామా చేసి, వాళ్ల ముందే పాతిపెట్టాలి లేదా కాల్చెయ్యాలి.

పరిహారం కోసం ఈ వరుసలో చెయ్యండి

1. చేను సర్దకముందే ఫోటోలు తియ్యండి: అడుగు జాడలు, విరిగిన మక్క, చేను మొత్తం.
2. అదే రోజు అటవీ బీట్ ఆఫీసర్‌కు గాని, రేంజ్ ఆఫీసుకు గాని రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోండి.
3. అధికారులు చేను చూసే రోజు పట్టాదారు గాని, సాగు చేసే మనిషి గాని అక్కడ ఉండాలి.
4. పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు ఖాతా నకళ్లు దగ్గర పెట్టుకోండి. మూడింట్లో పేరు ఒకేలా ఉండాలి.
5. మనిషికి గాయమైనా, ప్రాణం పోయినా అటవీ శాఖకు, పోలీసులకు వెంటనే చెప్పండి. ఆసుపత్రి కాగితాలు పారెయ్యొద్దు. రైతు బీమాలో నమోదైన రైతు చనిపోతే, కారణం ఏదైనా, నామినీకి 5 లక్షల రూపాయలు వస్తాయి. అటవీ శాఖ పరిహారం దానికి వేరు, రెండూ అడగాలి.

ఇప్పుడు తమ్ముడికి ఫోన్ చేసి చెప్పండి: "తీగ పెట్టకురా. ఫోటోలు తియ్యి, రేంజ్ ఆఫీసుకు పో, నేను పాసుపుస్తకం పట్టుకుని వస్తున్నా." పోయిన పంట వచ్చే కారుకు మళ్లీ వస్తుంది, మనిషి రాడు. ఈ పాఠాన్ని ఊళ్లో ఉన్న మీ వాళ్ల ఫోన్లకు పంపండి. చదవలేని వాళ్లకు చదివి వినిపించండి.