వెయిటాంగి ఒడంబడికలోని రెండు మాటలు

ఇరుపక్షములవారు ఒకే కాగితముపై సంతకము చేసినంత మాత్రమున ఒకే సంగతికి సమ్మతించిరని చెప్ప వీలులేదు. దీనికి న్యూజిలాండు చరిత్రమున గొప్ప నిదర్శనము కలదు.

1840వ సంవత్సరము ఫిబ్రవరి 6వ తేదీన వెయిటాంగి యనుచోట బ్రిటిషు రాణి పక్షమున హాబ్సన్ దొరయు, ఆ దేశపు మూలవాసులగు మావోరీల నాయకులు సుమారు 40 మందియు ఒడంబడిక చేసికొనిరి. దానిని ఇంగ్లీషునుండి మావోరీ భాషలోనికి మార్చినవారు హెన్రీ విలియమ్స్ అను మిషనెరీయు, ఆయన కుమారుడును. వారికి దొరకిన వ్యవధి ఒక్క రాత్రి!

నాయకులు తమ సర్వాధికారమును రాణికి ధారపోయుచున్నారని ఇంగ్లీషు ప్రతిలోని మొదటి షరతు. ఆ అధికారమునకు అనువాదకులు వాడిన మాట ‘కావనతంగ’. గవర్నరు అను శబ్దమే మావోరీల నోట ‘కావన’ యయ్యెను. వారి బైబిలులో పొంతి పిలాతునకు వాడిన మాటయు అదియే. కావున ‘కావనతంగ’ యనగా గవర్నరు చేయు పరిపాలన యని మాత్రమే తోచును. రెండవ షరతులో నాయకులకు భూములపైనను, గ్రామములపైనను, ‘తావోంగ’ అనగా తాము అమూల్యముగా నెంచు సమస్తముపైనను ‘రంగతిరతంగ’ నిలుచునని వ్రాయబడెను. ఇది సాక్షాత్తు నాయకుల పెద్దరికమునకు పేరు. గవర్నరు వచ్చి తెల్లవారిని అదుపులో నుంచును, మా పెద్దరికము మాకుండును అని పలువురు గ్రహించిరన్నచో వింతయేమి? క్రమముగా సంతకములు 500 దాటెను గాని, ఇంగ్లీషు ప్రతిపై చేసినవారు 39 మందియే.

విలియమ్స్ గారు తెలిసియే మోసగించిరా యని నేటికిని వాదించువారు కలరు. నాకు ఆ వాదమున అంతగా ఫలము కనబడదు. విద్యార్థులు మన ‘ధర్మము’ అను మాటను ఇంగ్లీషున ఒక్క మాటలో చెప్ప యత్నించి చూచిన యెడల ఆ రాత్రి కష్టము కొంత బోధపడును. కాని నష్టము మాత్రము నష్టమే. ఒడంబడికకు సంతకము చేసిన హోనే హేకే యను నాయకుడే 1844-45లలో కొరోరారెకా రేవునందలి బ్రిటిషు జెండాకొయ్యను నాలుగు మారులు పడగొట్టించెను. యుద్ధము వచ్చెను. తరువాతి కాలమున విస్తారమైన భూములు మావోరీల చేయి జారెను.

1975లో ఆ దేశపు శాసనసభ ఒక విచారణ సంఘమును ఏర్పరచెను. రెండు ప్రతులలో ఇదియే అసలు, అది కాదని తీర్పు చెప్పుట దాని పని గాదు. రెంటిని ఎదురెదురుగా నుంచి, భేదించిన చోట ఏమి చేయవలెనో నిర్ణయించుటయే దాని పని. ఇది మిక్కిలి తెలివైన ఏర్పాటని నా యభిప్రాయము. మొదట నాటి కాలపు ఫిర్యాదులనే వినిన ఈ సంఘమునకు 1985లో 1840 వరకు వెనుకకు పోవు అధికారము కలిగెను. మావోరీల సభాస్థలములకే పోయి, వృద్ధులు తమ భాషలో చెప్పు సాక్ష్యమును వినుట దాని వాడుక. 1986లో ఆ భాషయే ఒక ‘తావోంగ’ యనియు, ప్రభుత్వము దానిని కాపాడవలసి యుండెననియు సంఘము తేల్చెను. మరుసటి సంవత్సరమే మావోరీ అధికార భాష యయ్యెను.