స్నేహమా? ప్రణయమా?

ఉర్దూ గజల్ చదివే మన మిత్రులకు ఒక సంగతి సుపరిచితమే. అందులో ప్రియతమ వ్యక్తిని పుంలింగంలో చెప్పుట సంప్రదాయం. అది స్త్రీకి మర్యాదపూర్వకమైన ముసుగని కొందరు, దైవానికి సంకేతమని కొందరు, నిజముగా పురుషునే ఉద్దేశించినదని మరికొందరు వ్యాఖ్యానించారు. కవి మాట ఒక్కటే. అర్థాన్ని పూరించినది పాఠకుడు. చలనచిత్రాల విషయంలోనూ ఇదే జరుగుననుటకు నిదర్శనం రాజమౌళి చిత్రం 'ఆర్.ఆర్.ఆర్.'

2022 మార్చి 25న అది విడుదలైనప్పుడు మన అభిమానులు వాదులాడుకొన్నది దేనిని గురించి? రామ్‌చరణ్ పాత్ర ముందు ఎన్.టి.ఆర్. పాత్ర తగ్గినదా, లేదా అని! చిక్కడపల్లి నుండి క్రాస్‌రోడ్స్ థియేటర్ల దాకా నడచి వెళ్లే మనకు ఈ కొలతలు కొత్త కావు. వంతెన క్రింద ఇద్దరి చేతులు కలియుట, చెరసాల నుండి బయటపడు వేళ భీమ్ రామ్‌ను భుజాలపై మోయుట మాత్రం ఎవరికీ ప్రశ్న కాలేదు. అది మైత్రి, అంతే. కథలో రామ్ కొరకు సీత వేచియుండనే ఉన్నది.

అదే ఏడాది మే నెలలో హిందీ రూపం నెట్‌ఫ్లిక్స్ ద్వారా విదేశాలకు చేరగా, అక్కడి ప్రేక్షకులలో పలువురు ఆ సన్నివేశాలలోనే ప్రణయాన్ని చూశారు. మిత్రులు చేతులు పట్టుకొని నడచుట మన వీధులలో సామాన్యం. పాశ్చాత్య దేశాలలో ఎదిగిన పురుషులకు అది అరుదు. కనుక వారి చూపును వెకిలితనమని త్రోసిపుచ్చరాదు.

2022 జూలైలో శబ్దశిల్పి రసూల్ పూకుట్టి దీనిని స్వలింగ ప్రేమకథ అనగా నిరసన రేగినది. పాశ్చాత్యుల మాటనే తాను చెప్పితినని ఆయన వివరణ. 'బాహుబలి' నిర్మాత శోభు యార్లగడ్డ మాత్రం, తనకట్లు తోచలేదంటూనే, ఒకవేళ అట్టి కథే అయినా అందులో తప్పేమని ప్రశ్నించారు. ఆ వివాదమంతటిలో విలువైన మాట ఇదొక్కటే. మన కోపం వ్యాఖ్యానం పొరపాటైనందుకా, లేక ఆ పేరే అవమానమని తలచినందుకా? మనం దానిని ఎగతాళిగా పలుకునప్పుడు, ప్రక్క బెంచిపై ఒకరు మౌనంగా వినుచుండవచ్చును. అట్టివారు సూచనలలో తమను వెదకుకొనుట వింత కాదు. తేటతెల్లముగా చెప్పిన కథలు తెలుగులో అత్యల్పం.

2018 ఫిబ్రవరిలో వచ్చిన ప్రశాంత్ వర్మ చిత్రం 'అ!' వాటిలో ఒకటి. అందులో ఈషా రెబ్బా పాత్ర తన తల్లిదండ్రులను ఒక రెస్టారెంటుకు పిలిచి, తాను ప్రేమించిన వ్యక్తిని చూపుతుంది. వచ్చినది నిత్యా మేనన్! ప్రేక్షకుడు ఊహించవలసినదేమీ మిగలదు. అదే సంవత్సరం సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, వయోజనుల పరస్పర సమ్మతి గల అట్టి సంబంధాలు నేరం కావని తీర్పు చెప్పినది.