బీడు చేలలో చెట్లు: బొగ్గుపులుసు వాయువు లెక్క

వేరుసెనగ వేసి, వానకై ఎదురుచూచి, తుదకు చేనును బీడు విడిచిన కుటుంబములు మన పావగడ తాలూకాలో పెక్కు గలవు. తిరుమణి పరిసరములలో సుమారు 13,000 ఎకరములు సౌరవిద్యుత్కేంద్రమునకు కౌలుకు పోయిన సంగతి విద్యార్థులందరు నెరుగుదురు. బీడు భూములకు నేడు మరియొక బేరము కూడ కలదు. చెట్లు నాటి, అవి పీల్చిన బొగ్గుపులుసు వాయువును లెక్కగట్టి అమ్ముదురు. ఈ సరకునకే కార్బన్ క్రెడిట్టని పేరు.

గాలిని తూచుట యెట్లని మీరడుగవచ్చును. లెక్కకు వచ్చునది గాలి కాదు, చెట్టు. ఆకులు వాయువును గ్రహింపగా, అందలి కర్బనము మానులోను వేళ్లలోను నిలువయగును. ఎండుకొయ్య బరువులో దాదాపు సగము కర్బనమే. కర్బనము పరమాణుభారము 12, బొగ్గుపులుసు వాయువు అణుభారము 44. కావున 100 కిలోల ఎండుకొయ్యలోని 50 కిలోల కర్బనమును 44 చే గుణించి 12 చే భాగించినచో రమారమి 183 కిలోల వాయువు వచ్చును. ఒక క్రెడిట్టనగా 1,000 కిలోల వాయువు. దానికి 545 కిలోల ఎండుకొయ్య పెరుగవలెను. ఇందుకై చెట్టును నరుకనక్కరలేదు. రొమ్మెత్తున మాను చుట్టుకొలత తీసి, జాతినిబట్టి బరువు కట్టుదురు.

ఇక ఏ చెట్టు నాటవలెను? ఖమ్మం జిల్లాలో ఐ.టి.సి. సంస్థవారు నాటించిన జామాయిలు తోటలు 2009లో ఐక్యరాజ్యసమితి పద్ధతి క్రింద నమోదైనవి. జామాయిలు త్వరగా పెరుగును, కాగితపు మిల్లునకు పనికివచ్చును. కాని భూగర్భజలము తగ్గునను భయముచే కర్ణాటక ప్రభుత్వము 2017లో దాని సాగును నిషేధించినది. మన మెట్టనేలకు నారేపి, చండ్ర, వేప, కానుగ తగినవి. నారేపి వేరు రాతిసందులను సైతము చొచ్చుకొనిపోవును. అయితే ఇవి నిదానముగా పెరుగును. తొలి మూడు నాలుగేండ్లు మేకలనుండి, నిప్పునుండి కాపాడుటయే పెద్దపని. (సర్కారు తుమ్మను ఎవరును నాటనక్కరలేదు, కాపాడనక్కరలేదు, అది వేరు సంగతి.) ఉన్న చెట్లను కొట్టివేసి క్రొత్తవి నాటిన భూమికి క్రెడిట్లు రావు.

రాబడి మాటకు వత్తము. ఎకరమున ఏటికి రెండు టన్నులు చేరెననుకొందము. టన్ను 800 రూపాయలకు అమ్ముడుపోయినచో 1,600 రూపాయలు. అందులో కొలత ఖర్చు, తనిఖీ ఖర్చు, మధ్యవర్తి భాగము పోగా మిగిలినదే రైతుది. సౌరకేంద్రపు కౌలు ఎకరమునకు ఏటికి 21,000 రూపాయలతో మొదలైనదని జ్ఞాపకముంచుకొనుడు. కావున కేవలము క్రెడిట్ల సొమ్మునకై చేనునప్పగించుట తగదని మా అభిప్రాయము. కానుగ గింజ, వేపగింజ, మేత, వంటచెరకు ఇంటికి దక్కునప్పుడే ఈ బేరము గిట్టును.

ఒప్పందపు గడువు ఇరువది, ముప్పది యేండ్లుండవచ్చును. పత్రము ఇంగ్లీషులోనో కన్నడములోనో యుండును. ఇంట తెలుగే తెలిసిన తల్లిదండ్రులు వ్రేలిముద్ర వేయకముందు, చదువుకొన్న బిడ్డచే పంక్తి పంక్తికి అర్థము చెప్పించుకొనవలెను. చెట్టు ఎవరిది, మేతకు పశువులను తోలవచ్చునా, కరవున మొక్కలెండినచో నష్టమెవరిది, అమ్మిన ధరలో రైతు వంతెంత, అది ఏ యేట చేతికి వచ్చును అను ప్రశ్నలకు ఆ పత్రములోనే జవాబులుండవలెను.